దుబాయ్ నుంచి రెండు లోయర్ ఆర్మ్‌లు: పార్టు రూ.16,870, ఇంటికి చేరేసరికి రూ.36,541

ముందే లెక్క చెప్పేస్తాను. తీరిక ఉన్నవాళ్ళు మిగతాది చదువుకోండి.

2007 మోడల్ మిత్సుబిషి సీడియా కారుకి ముందు చక్రాల లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని బండి కింది భాగానికి పట్టి ఉంచే ఇనుప చేతులు), ఎడమది ఒకటి, కుడిది ఒకటి, దుబాయ్‌లోని ఒక ఆన్‌లైన్ పార్ట్స్ షాపు నుంచి 2024 జులైలో తెప్పించాను. పార్టులు రెండూ కలిపి 200 డాలర్లు, కొరియర్ 96 డాలర్లు. కార్డు మీద పడింది 25,737 రూపాయలు. కస్టమ్స్ డ్యూటీ 10,037. కొరియర్ వాళ్ళ ఫీజు 767. మొత్తం 36,541. షాపుకి ఐదుకి నాలుగు మార్కులు. ఆ ఒక్కటీ ఎందుకు కోశానో కింద చెప్తాను. కొరియర్‌కి రెండు, అదీ ఒక్క అమ్మాయి పుణ్యమాని. పేర్లు మాత్రం రాయను. నాకు జరిగింది ఇంకో కొరియర్‌లో పంపినా జరిగేదే.

నేను విజయవాడలో జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. ఆటోనగర్‌లోనే పాతిక షాపుల లెక్కలు నా దగ్గర ఉంటాయి. ఐజీఎస్టీ (దిగుమతుల మీద, రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద పడే జీఎస్టీ), ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని అమ్మినప్పటి పన్నులోంచి తీసేసుకోవడం) అనే మాటలు నాకు ఉప్పూ పప్పూ లాంటివి. అయినా సొంత పార్సిల్ దగ్గరికి వచ్చేసరికి మొదటి రోజే బోర్లా పడ్డాను. ఆ కోపం తీరక ఇది రాస్తున్నాను.

బండి మా నాన్నది. ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు. ఆయన కొన్న మొదటి కొత్త కారు అది. హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు తమిళనాడులో తిరువళ్ళూరు ఫ్యాక్టరీలో తయారుచేసిన సీడియా, రెండు లీటర్ల పెట్రోల్ ఇంజిన్. 2022లో పదిహేనేళ్ళు నిండితే ఆర్సీ రెన్యువల్‌కి 5,000 ఫీజు కట్టి మరీ ఉంచుకున్నాం. ఆ ఏడాది ఏప్రిల్ నుంచే ఆ ఫీజు 600 నుంచి 5,000 అయింది. మా టైమింగ్ ఎప్పుడూ అంతే. "అమ్మేద్దాం నాన్నా" అంటే, "నన్ను వృద్ధాశ్రమంలో వెయ్, బండిని మాత్రం షెడ్డులో ఉంచు" అంటారు. ఇంకేం మాట్లాడతాం.

ఆ వేసవిలో స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా ముందు ఎడమవైపు టక్కుమని చప్పుడు మొదలైంది. బందరు రోడ్డు మీద పెద్దగా తెలియదు గానీ, పటమట లోపలి వీధుల్లో తిరిగితే ఎవరో కింద నుంచి సుత్తితో కొడుతున్నట్టు ఉండేది. ఆటోనగర్ మేస్త్రి జాకీ వేసి, చక్రం విప్పి, పొడుగాటి ఇనుప రాడ్డు ఒకటి ఆర్మ్ కింద దూర్చి పైకి ఎత్తాడు. నన్ను కిందికి వంగి చూడమన్నాడు. ఆర్మ్‌ని బండికి బిగించే చోట ఉండే బుష్ రబ్బరు నిలువునా చీలి లోపలి ఇనుప గొట్టం బయటికి కనిపిస్తోంది. రాడ్డు నొక్కినప్పుడల్లా బాల్ జాయింట్ (ఆర్మ్ రెండో చివర, చక్రం వైపు ఉండే కీలు) వేలి మందం పైకీ కిందికీ ఆడుతోంది. దాని మీది రబ్బరు టోపీ ఎప్పుడు పోయిందో, గ్రీజు అంతా ఎండి నల్ల మట్టి అయిపోయింది.

"లోకల్ మాల్ ఉంది మేడం, జత ఆరు వేలలో అయిపోద్ది. కానీ ఏడాది తిరక్కుండా మళ్ళీ నా దగ్గరికే వస్తారు" అన్నాడు. నిజానికి మళ్ళీ వస్తే అతనికే లాభం. అయినా చెప్పాడు. అందుకే పన్నెండేళ్ళుగా ఆ షెడ్డుకే వెళ్తున్నాం. కంపెనీ పీసు కోసం విజయవాడ, హైదరాబాద్, చెన్నై మూడు ఊళ్ళలో ఫోన్లు చేశాం. చెన్నైలో కుడివైపుది ఒకటి దొరికింది. ఎడమది లేదు. ఒక్క కాలికి కొత్త చెప్పు కొన్నట్టు ఏం చేసుకుంటాం.

దుబాయ్ షాపు సంగతి ఆన్‌లైన్‌లో ఒక సీడియా ఓనరు చెప్పాడు. ఆర్సీ మీద ఉన్న చాసిస్ నంబర్ కొడితే మన బండి ఏ నెలలో తయారైందో, ఏ మోడల్ కోడో చూపించి, సస్పెన్షన్ బొమ్మని ముక్కలు ముక్కలుగా విడదీసి పరుస్తుంది. ప్రతి బోల్టుకీ ఒక నంబరు. పాత నంబరు ఆగిపోతే దాని బదులు వచ్చిన కొత్త నంబరు పక్కనే ఉంటుంది. ఇక్కడ కౌంటర్లలో "సీడియాదా, లాన్సర్‌దా, రెండూ ఒకటేలే అమ్మా" అని చేతిలో పెట్టే పద్ధతికీ దీనికీ చాలా దూరం. ఆర్డరు పెట్టడానికి పావుగంట పట్టింది.

కొరియర్ చార్జి దగ్గర మాత్రం గుండె జారింది. రెండు ఆర్మ్‌ల బరువు ఏడు కిలోలే. కానీ కొరియర్ వాళ్ళు పెట్టె కొలతలు చూస్తారు. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 20 ఎత్తు. మూడూ గుణించి 5,000తో భాగిస్తే 9.6. అంటే పెట్టెలో ఉన్న గాలికి కూడా రెండున్నర కిలోల చార్జి కట్టాను.

ఐదో రోజు పార్సిల్ బెంగళూరు చేరింది. అక్కడ ఆగింది. "క్లియరెన్స్ డిలే" అని ట్రాకింగ్‌లో ఒక ముక్క. ఆ సాయంత్రం ఫోన్‌కి ఒక మెసేజ్: మీ పార్సిల్ కస్టమ్స్‌లో ఉంది, ఈ లింకు నొక్కి కేవైసీ పూర్తి చేయండి, డ్యూటీ కట్టండి.

నాన్న చేతిలోంచి ఫోన్ లాక్కున్నారు. "నొక్కకమ్మాయ్! కస్టమ్స్ పార్సిల్ అనే మోసాలే ఇవన్నీ. రేపు వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సు వేసుకుని వస్తాడు" అన్నారు. ఆ నెల్లో రోజూ పేపర్లో అవే వార్తలు, ఆయన భయం ఆయనది. నిజంగానే పార్సిల్ ఆర్డరు పెట్టినవాళ్ళకి అసలు మెసేజ్ ఏదో, దొంగ మెసేజ్ ఏదో తేడా తెలియకుండా ఒకేలా రాస్తారు ఈ కొరియర్ వాళ్ళు. ఇది నా మొదటి ఫిర్యాదు. లింకు నొక్కలేదు. మర్నాడు పొద్దున ఆధార్ కాపీ, ఇన్వాయిస్ పట్టుకుని ఊళ్ళోని వాళ్ళ కౌంటర్‌కి వెళ్ళాను. ట్రాకింగ్ నంబరు కొట్టి చూసి, నిజమేనన్నారు. అక్కడే డ్యూటీ అంచనా ప్రింటు తీసి ఇచ్చారు.

రూ.19,442.

పదహారు వేల ఎనిమిది వందల సామానుకి పందొమ్మిది వేల నాలుగు వందల డ్యూటీ. కౌంటర్ దగ్గర నిలబడి రెండుసార్లు చదివాను. కౌంటర్ కుర్రాడు "గవర్నమెంట్ రేటు మేడం, మా చేతిలో ఏం లేదు" అన్నాడు. సరే అని కట్టేసేవాళ్ళు ఎంతమందో. నేను కూడా కట్టేసేదాన్నే. కానీ ఇంటికొచ్చి ఆ కాగితాన్ని క్లయింట్ల బిల్లు చూసినట్టు పెన్సిలు పట్టుకుని చూశాను.

మొదటి తప్పు హెడ్డింగ్ దగ్గర. కస్టమ్స్ టారిఫ్‌లో ప్రతి వస్తువుకీ ఒక నంబరు ఉంటుంది. కారు సస్పెన్షన్ పార్టులది 8708 80. దాని మీద అప్పటి రేట్లు: బేసిక్ డ్యూటీ 15 శాతం, ఆ డ్యూటీ మీద పదో వంతు సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి, ఇవన్నీ కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ 28 శాతం. పన్ను మీద పన్ను కాబట్టి 15, 28 కూడితే రాదు. మొత్తం 49.12 శాతం అవుతుంది. నా కాగితంలో ఉన్నది 9804. వ్యక్తిగత వాడకానికి పోస్టులోనో విమానంలోనో వచ్చే సామాన్లన్నిటినీ ఒకే గంపలో వేసే హెడ్డింగ్ అది. అప్పట్లో దాని బేసిక్ డ్యూటీ 35 శాతం. సర్‌చార్జి, 28 శాతం ఐజీఎస్టీ కలిపితే 77.28.

ఆ గంపలో ఎందుకు వేశారు? ఇన్వాయిస్ మళ్ళీ తీశాను. షాపువాడు వివరం దగ్గర "ఆటో స్పేర్ పార్ట్స్" అని మూడు మాటలు రాసి, కింద "గిఫ్ట్" అని ముద్ర కొట్టాడు. నేను అడగలేదు. మనకి సాయం చేద్దామని కొట్టాడు పాపం. గిఫ్ట్ అంటే డ్యూటీ తగ్గుతుందన్న నమ్మకం గల్ఫ్ అంతటా ఉంది, మన ఊళ్ళలోనూ ఉంది. ఒకప్పుడు ఐదు వేల లోపు గిఫ్టులకి డ్యూటీ లేకుండా వదిలేవాళ్ళు. ఆ సందులోంచి చైనా షాపింగ్ యాప్‌ల సరుకంతా దూరడంతో 2019 డిసెంబరులో ఆ తలుపు మూసేశారు. ఇప్పుడు గిఫ్ట్ పేరుతో డ్యూటీ లేకుండా వచ్చేవి రాఖీలు, ప్రాణాధార మందులు అంతే. మిగతా ఏ గిఫ్టు వచ్చినా పూర్తి డ్యూటీ కట్టాలి. ఆ ముద్ర వల్ల నాకు తగ్గింది సున్నా. పైగా నా ఆర్మ్‌లు 8708లోంచి 9804లోకి పోయాయి. షాపుకి కోసిన ఒక్క మార్కు ఇందుకే.

రెండో తప్పు ఇంకా లోతుగా ఉంది. పెన్సిలు పట్టుకోకపోతే నాకూ దొరికేది కాదు. డ్యూటీ వేసేది పార్టు ధర మీద కాదు. ధర, ఇన్సూరెన్స్, రవాణా మూడూ కలిపిన విలువ మీద. డాలరుకి రేటు కూడా గూగుల్‌లో కనిపించేది తీసుకోరు. కస్టమ్స్ వాళ్ళు పక్షానికోసారి ప్రకటించే రేటు తీసుకుంటారు. బయట 83.50 ఉన్నప్పుడు నా కాగితంలో 84.35 ఉంది. అక్కడిదాకా సరే. 200 డాలర్లకి 16,870. ఇన్సూరెన్స్ కాగితం లేకపోతే ధర మీద 1.125 శాతం వేసుకోమని రూలు. అది 190 రూపాయలు. ఇక రవాణా దగ్గర నేను కట్టిన 96 డాలర్లూ, అంటే 8,098 రూపాయలూ మొత్తం కలిపేశారు.

ఇక్కడ ఆగాను. 2007 నాటి కస్టమ్స్ వాల్యుయేషన్ రూల్స్‌లో పదో రూలు ఉంది. సరుకు విమానంలో వస్తే, మీరు రవాణాకి ఎంత కట్టినా సరే, విలువలో కలిపే రవాణా ఖర్చు సరుకు ధరలో 20 శాతం మించకూడదు. 16,870లో 20 శాతం అంటే 3,374. నా దగ్గర కలిపింది 8,098. పెట్టెలో గాలికి కొరియర్ చార్జి కట్టాను సరే, ఆ గాలి మీద డ్యూటీ కూడా కట్టమంటున్నారన్నమాట.

సరిచేసి వేస్తే ఇలా వచ్చింది. విలువ 20,434. దాని మీద 15 శాతం 3,065. సర్‌చార్జి 307. ఇవన్నీ కలిపిన 23,805 మీద 28 శాతం ఐజీఎస్టీ 6,666. పైసలు సర్దితే డ్యూటీ మొత్తం 10,037.

తొమ్మిది వేల నాలుగు వందల తేడా. ఆ డబ్బుతో మేస్త్రి చెప్పిన లోకల్ మాల్ జత కొని, మిగిలినదానితో అందరం బాబాయ్ హోటల్లో నెయ్యి ఇడ్లీ తినొచ్చు.

ఆ రాత్రే కొరియర్ క్లియరెన్స్ విభాగానికి మెయిల్ పెట్టాను. షాపువాడితో మళ్ళీ ఇన్వాయిస్ రాయించాను: ఏ పార్టు, ఏ నంబరు, ఏ బండి, ఎన్ని, ఒక్కోటి ఎంత, హెచ్‌ఎస్ కోడ్ (పైన చెప్పిన టారిఫ్ నంబరే) ఎంత. కార్డు స్టేట్‌మెంట్ జత చేశాను, అది కొన్న సామానే గానీ కానుక కాదని తెలియడానికి. ఆర్సీ కాపీ పెట్టాను. రవాణా దగ్గర రూలు నంబరు రాశాను.

జవాబు రాలేదు. ఫోన్ చేశాను. మొదటివాడు హిందీలో మొదలుపెట్టి, ఇంగ్లీషులోకి దిగి, "సిస్టంలో అలాగే వస్తుంది" అన్నాడు. రెండోసారి ఇంకొకరు, "డిస్ప్యూట్ అంటే పార్సిల్ ఆగుతుంది మేడం, స్టోరేజ్ చార్జీలు పడతాయి, మీ ఇష్టం" అన్నాడు. ఇదీ నా అసలు ఫిర్యాదు. తప్పు ఎవరైనా చేస్తారు. తప్పు చూపిస్తే గోడౌన్ అద్దె పేరు చెప్పి భయపెట్టడం ఎందుకు? మూడోసారి తెలుగమ్మాయి ఎత్తింది. మాట వింటే రాయలసీమ యాస. మెయిల్ తెరిచి ఆఖరుదాకా చదివింది. చదువుతున్నట్టు నాకు వినపడుతోంది కూడా, అంకెలు గొణుక్కుంటోంది. "మేడం, బిల్ ఆఫ్ ఎంట్రీ ఇంకా ఫైల్ కాలేదు. ఇది అంచనా మాత్రమే. నేను క్లియరెన్స్ డెస్క్‌కి పంపిస్తా, కొత్త ఇన్వాయిస్‌తోనే ఫైల్ చేయమంటా. కానీ ఆఖరికి ఆఫీసర్ ఏమంటే అదే" అంది. "అంతే కదమ్మా, అది చాలు" అన్నాను.

ఆ ఒక్క మాట తెలిస్తే సగం టెన్షన్ ఉండేది కాదు. బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి డిక్లరేషన్, ఫైల్ కాకముందు కాగితాలు మార్చుకోవడం ఒక ఫోనుతో అయ్యే పని. ఫైలై, డ్యూటీ కట్టేసి, పార్సిల్ బయటికి వచ్చాక రీఫండ్ అడగడం అంటే ఇంకో జన్మ ఎత్తాలి. మా క్లయింట్ల రీఫండ్ ఫైళ్ళు చూసిన అనుభవంతో చెప్తున్నాను.

రెండు రోజులకి కొత్త మెసేజ్ వచ్చింది. రూ.10,037. దాని కింద, మా తరఫున ముందుగా డ్యూటీ కట్టినందుకు కొరియర్ ఫీజు 650, దాని మీద 18 శాతం జీఎస్టీ 117. ఆ 767 గురించి గొడవపడే ఓపిక అప్పటికి అయిపోయింది.

ఒక సంగతి ఆటోనగర్‌లో చాలామందికి తెలియదు. కారు పార్టు అనే మాటకి కస్టమ్స్ పుస్తకంలో ఒక ఇల్లంటూ లేదు. రేడియేటర్ 8708లోనే ఉంటుంది, దాని పక్కనే బిగించే వాటర్ పంపు 8413కి పోతుంది. క్లచ్ 8708. టైమింగ్ బెల్టు రబ్బరు బెల్టుల కింద 4010. బేరింగ్ 8482, స్పార్క్ ప్లగ్ 8511, హెడ్‌లైట్ 8512. ముందు అద్దం గాజు సామాన్లతో కలిసి 7007లో కూర్చుంటుంది. ఒకే పెట్టెలో ఐదు రకాలు తెప్పిస్తే ఐదు నంబర్లు, ఐదు లెక్కలు. అందుకే "ఆటో స్పేర్ పార్ట్స్" అని మూడు మాటల్లో తేల్చిన ఇన్వాయిస్ చూసి కొరియర్‌వాడు గంపలో పడేస్తాడు. వాడి సోమరితనం అందులో ఉంది, అవకాశం ఇచ్చింది మాత్రం ఆ మూడు మాటలు.

"దుబాయ్‌తో మనకి ఒప్పందం ఉందిగా, డ్యూటీ తగ్గదా?" అని ఒక క్లయింట్ అడిగాడు. 2022 మేలో అమల్లోకి వచ్చిన ఒప్పందం ఉంది, నిజమే. కానీ అది ఎమిరేట్స్‌లో తయారైన సరుక్కి, అదీ అక్కడి నుంచి సర్టిఫికెట్ వస్తేనే. నా డబ్బా మీద మేడ్ ఇన్ జపాన్ అని ఉంది. దుబాయ్‌లో అరలో పెట్టినంత మాత్రాన అది దుబాయ్ సరుకైపోదు. ఇంకో క్లయింట్, "మా ఐఈసీ (ఎగుమతి దిగుమతుల కోడ్) మీద తెప్పించండి మేడం, ఐజీఎస్టీ క్రెడిట్ మేం తీసుకుంటాం" అన్నాడు. క్రెడిట్ తీసుకుంటే నాకు అమ్మేటప్పుడు మళ్ళీ 28 శాతంతో బిల్లు వేయాలి కదా. అతని లెక్కలు రాసేది నేనే. బిల్లు లేకుండా ఇస్తానని అతను, అది వినలేదన్నట్టు నేను, టీ తాగేసి లేచాను.

షార్జాలో ఉండే మా పెదనాన్న కొడుకు రెండు దారులు చూపించాడు. ఒకటి, అక్కడి ఇండస్ట్రియల్ ఏరియాలో విప్పిన బండ్ల నుంచి పాత ఆర్మ్‌లు నాలుగో వంతు ధరకి కొని పంపడం. వద్దన్నాను. కొత్త సరుకైతే సొంత వాడకానికి ఐఈసీ కూడా అక్కర్లేదు గానీ, సెకండ్ హ్యాండ్ సరుక్కి డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం) లైసెన్సు కావాలి. పార్సిల్ పట్టుబడితే డ్యూటీ సంగతి తర్వాత, సరుకే పోతుంది. రెండోది, సంక్రాంతికి వస్తూ సూట్‌కేసులో కొత్తవి వేసుకురావడం. అప్పటి బ్యాగేజీ రూల్స్ ప్రకారం 50,000 దాకా సామాన్లకి డ్యూటీ లేదు, అయితే అవి ప్రయాణికుడి సొంత సామాన్లు అయివుండాలి. బట్టల మధ్యలో రెండు ఇనుప ఆర్మ్‌లు చూసి శంషాబాద్‌లో ఆఫీసర్ ఏమంటాడో ఆ పూటకి ఆయన ఇష్టం. వాడికి ఇబ్బంది ఎందుకని ఊరుకున్నాను. పైగా జులై నుంచి సంక్రాంతి దాకా ఆ టకటకతో తిరగాలి. నాన్న అప్పటికే రేడియో సౌండు పెంచడం నేర్చుకున్నారు.

పార్సిల్ పదమూడో రోజున వచ్చింది. ప్యాకింగ్ గురించి చెప్పాలి. ఒక్కో ఆర్మ్‌కి దాని సొంత అట్టపెట్టె, మూడు వజ్రాల ముద్ర, లోపల నూనె కాగితం, బాల్ జాయింట్ మర మీద ప్లాస్టిక్ తొడుగు. మేస్త్రి పాత ఆర్మ్‌నీ కొత్తదాన్నీ పక్కపక్కన నేల మీద పెట్టి చేత్తో బాల్ జాయింట్ తిప్పి చూశాడు. కొత్తది కదల్లేదు. రెండు చేతులతో బలం పెడితే బిగుతుగా, ఒకే వేగంతో తిరిగింది. "ఇదీ కంపెనీ పీసంటే" అని పక్క షెడ్డువాళ్ళని పిలిచి చూపించాడు. రెండు గంటల పని. బుష్ బోల్టులు బండిని నేల మీదికి దించాకే ఆఖరుగా బిగించాడు. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చీలుతుందట. పాత బుష్ అలా చీలడానికి వెనక ఎవరి చెయ్యి ఉందో అడగలేదు. కూలి 1,200, అలైన్‌మెంట్ 600.

ఏడాదిన్నర అయింది. పదిహేడు వేల కిలోమీటర్లు. చప్పుడు లేదు.

36,541 పెట్టడం సబబేనా అంటే, నా బండికైతే పెట్టేదాన్ని కాదు. ఇన్సూరెన్స్ వాళ్ళు ఆ బండికి కట్టిన విలువలో మూడో వంతు అది. కానీ నాన్నకి డ్యూటీ సంగతి చెప్పలేదు. పన్నెండు వేలు అయిందని చెప్పాను. "అంతేనా! చూశావా, జపాన్ సరుకు ఎంత చవకో" అని కాలనీ అంతా చెప్పుకున్నారు.

2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. దిగుమతి మీద ఐజీఎస్టీ కూడా అంతే దిగింది. 8708 పార్టులకి మొత్తం ఇప్పుడు 37.47 శాతం. డాలరు రేటు అప్పటిదే అనుకుంటే, అవే ఆర్మ్‌లకి ఈ కొత్త రేటుతో డ్యూటీ 7,657 అయ్యేది, 2,380 తక్కువ. డిసెంబరులో అదే షాపు నుంచి స్టీరింగ్ ర్యాక్ ఎండ్‌లు తెప్పించాను. అవి 8708 94. ఈసారి ఆర్డరుతో పాటు షాపువాడికి ఒక మెసేజ్ పెట్టాను: "గిఫ్ట్ అని రాయొద్దు. ధర తగ్గించి రాయొద్దు. పార్టు పేరు, నంబరు, హెచ్‌ఎస్ కోడ్, బండి మోడల్ రాయండి." ధర తగ్గించి రాయించుకునేవాళ్ళు నాకు తెలుసు. కార్డు స్టేట్‌మెంట్ అడిగితే అక్కడే దొరికిపోతారు. పార్సిల్ రెండో రోజుకే క్లియరైంది. అంచనా మొదటిసారే 37.47 శాతంతో వచ్చింది. రవాణా కూడా 20 శాతం దగ్గరే ఆపారు. కొరియర్ అదే. మళ్ళీ ఆ రాయలసీమ అమ్మాయే చూసిందేమో, అడిగే వీలు లేదు. ఈ ఆర్డరుకైతే మూడున్నర ఇస్తాను.

ఇప్పుడు కార్టులో వెనక తలుపుల రబ్బరు బీడింగ్ నాలుగు ఉన్నాయి. వానకి నీళ్ళు కారుతున్నాయి, నాన్న సీటు మీద పాత టవలు పరిచారు. రబ్బరు సామాను కాబట్టి ఆఫీసర్ 4016 అంటాడు, కారు పార్టు కాబట్టి నేను 8708 అనాలనుకుంటాను, రూలు పుస్తకం చదివితే ఆఫీసర్ వైపే మొగ్గుతోంది. ఎవరైనా ఈమధ్య తెప్పించి ఉంటే, మీ బిల్లులో ఏ నంబరు పడిందో చెప్పండి.